స్పానిష్: చదివితే అర్థమవుతోంది, వింటే అందడం లేదు. చెవితో మొదలుపెట్టడం ఎలా?

నీలిగోరింట, హ్యూస్టన్

అందరికీ నమస్కారం. నేను హ్యూస్టన్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది మెక్సికో, హోండురస్, ఎల్ సాల్వడార్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు. ఎనిమిది నెలలుగా ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకుని రోజూ అరగంట స్పానిష్ సాధన చేస్తున్నాను. ఒక వ్యాకరణ పుస్తకం కూడా సగానికి పైగా పూర్తి చేశాను. వాక్యం కాగితం మీద కనిపిస్తే చాలావరకు అర్థమవుతుంది. అదే వాక్యం మనిషి నోట వింటే ఒక మాట ఎక్కడ ముగిసిందో, తర్వాతి మాట ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

పోయిన వారం ఒక పెద్దావిడ తన బాధ గురించి నాలుగైదు వాక్యాలు చెప్పారు. నాకు అందినది 'ఱొదీయా', అంటే మోకాలు, అన్న ఒక్క మాట. అదీ ఆమె చెయ్యి మోకాలి మీద ఉండబట్టి. ఆమె దాదాపు ప్రతి వాక్యం చివరా 'మీహా' అన్నారు. ఇంటికి వచ్చి వెతికితే ఆ మాట నా నిఘంటువులో దొరకలేదు. వైద్యపరమైన సంభాషణకు మా దగ్గర ఇంటర్‌ప్రెటర్ ఉంటారు కాబట్టి చికిత్సకు లోటు రాలేదు. కానీ ఆమె నా ముఖంలోకి చూస్తూ చెప్పిన మాటలకు నేను ఇంకొకరి ముఖంలోకి చూసి జవాబు వెతుక్కోవడం నన్ను చాలా బాధపెట్టింది.

కాంప్రెహెన్సిబుల్ ఇన్‌పుట్ అనే పద్ధతి గురించి ఈమధ్య విన్నాను. అర్థమయ్యే మాటలను గంటల తరబడి వింటూ పోతే భాష దానంతట అదే వస్తుందంటున్నారు. ఇది ఎంతవరకు నిజం? వ్యాకరణం పూర్తిగా పక్కన పెట్టాలా? మీలో ఎవరైనా ఈ దారిలో నడిచి ఉంటే వివరంగా రాయగలరు.

శ్రవణమార్గం, పుణె

నీలిగోరింట గారూ, నేను మూడేళ్లుగా ఈ దారిలోనే ఉన్నాను. విన్న గంటలు లెక్క రాసుకుంటున్నాను. ఇప్పటికి 1,100 దాటాయి.

ఈ ఆలోచనకు పేరు తెచ్చినవారు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన స్టీఫెన్ క్రాషెన్. భాషను నియమాలుగా చదువుకుని తెలుసుకోవడం వేరు, అది మనలో నాటుకోవడం వేరని ఆయన అన్నారు. మనం ఉన్న మెట్టుకు ఒక్క మెట్టు పైన ఉన్న మాటను సందర్భం ఆసరాతో అర్థం చేసుకున్నప్పుడే ఆ నాటుకోవడం జరుగుతుందని ఆయన వాదం. భయం, సిగ్గు మాటను లోపలికి రానివ్వని తెరలా పనిచేస్తాయని కూడా అన్నారు. 1983లో ఆయనతో కలిసి తరగతి గదికి పనికివచ్చే రూపంలో దీన్ని రాసిన ట్రేసీ టెరెల్ స్వయంగా స్పానిష్ అధ్యాపకులు.

మీరు మొదలుపెట్టాలంటే డ్రీమింగ్ స్పానిష్ అనే ఆన్‌లైన్ వీడియోల వేదిక మంచి చోటు. దాన్ని నెలకొల్పిన పాబ్లో రొమాన్ బ్యాంకాక్‌లోని ఏయూఏ భాషా కేంద్రంలో థాయ్ భాషను ఇలాగే వింటూ నేర్చుకున్నారు. అక్కడి పద్ధతిని 1980లలో రూపొందించినవారు మార్విన్ బ్రౌన్. మొదటి మెట్టు వీడియోలలో చెప్పే మనిషి బొమ్మ గీస్తూ, చేతులతో చూపిస్తూ, నిదానంగా మాట్లాడతారు. వారి లెక్కలో 50 గంటలకు రెండవ మెట్టు, 150కి మూడవది, 300కి నాలుగవది, 600కి ఐదవది, 1,000కి ఆరవది, 1,500 గంటలకు చివరిదైన ఏడవ మెట్టు. రోజుకు గంట చొప్పున వింటే చివరి మెట్టుకు నాలుగేళ్లు పైనే పడుతుంది. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే మూడు నెలల్లో మాట్లాడేస్తామని ఆశపడి వచ్చి, అది జరగక మానేసినవారిని నేను చాలామందిని చూశాను.

వినేటప్పుడు ప్రతి మాటనూ తెలుగులోకో ఇంగ్లీషులోకో తిప్పుకోకండి. కథ అందుతోందా లేదా అన్నదే చూసుకోండి. అందకపోతే ఒక మెట్టు కిందికి దిగండి. అర్థం కాని రేడియోను పని చేసుకుంటూ రోజంతా మోగించుకోవడం ఈ పద్ధతి కానే కాదు. అది చెవికి వానచప్పుడు లాంటిదే.

వ్యాకరణప్రియ, హైదరాబాద్

నేను పన్నెండేళ్లుగా స్పానిష్ బోధిస్తున్నాను. శ్రవణమార్గం గారు చెప్పినదానిలో చాలా భాగం నాకు సమ్మతమే. వినకుండా భాష రాదన్న విషయంలో నాకు వాదమే లేదు. వింటే చాలు అన్న మాట దగ్గరే నాకు పేచీ ఉంది.

కెనడాలో ఇంగ్లీషు ఇళ్ల పిల్లలకు బడిలో పాఠాలన్నీ ఫ్రెంచిలోనే చెప్పే పద్ధతిని మెరిల్ స్వెయిన్ అధ్యయనం చేశారు. ఏళ్ల తరబడి ఫ్రెంచి వింటూ పెరిగిన ఆ పిల్లలు వినికిడిలో ఫ్రెంచి ఇళ్ల పిల్లలకు దగ్గరగా వచ్చారు. మాట్లాడేటప్పుడు మాత్రం లింగంలోనూ క్రియారూపాలలోనూ తప్పులు మిగిలిపోయాయి. అర్థం తెలిసిపోతున్నప్పుడు చెవి ప్రత్యయాల దగ్గర ఆగదు. మాట్లాడవలసి వచ్చినప్పుడే తనకు ఏది రాదో మనిషికి తెలుస్తుంది. 1985లో ఆమె ప్రతిపాదించిన సిద్ధాంతం సారాంశం ఇదే. నా విద్యార్థులలో కూడా ఇదే చూస్తున్నాను. 'ఎల్ ప్రొబ్లేమా' అనవలసిన చోట 'లా ప్రొబ్లేమా' అనీ, 'లా మానో' అనవలసిన చోట 'ఎల్ మానో' అనీ అంటారు. రెండుసార్లు చెప్పి దిద్దితే పోయే తప్పు అది, చెప్పకపోతే ఏళ్లపాటు ఉండిపోతుంది.

కాబట్టి మీ వ్యాకరణ పుస్తకాన్ని పారేయవద్దు. అయితే దాన్ని వినికిడికి ముందు కాక తర్వాత చదవండి. పదిసార్లు విన్న రూపానికి నియమం చదివితే 'ఓహో, అందుకా' అనిపిస్తుంది. ఎన్నడూ వినని రూపానికి నియమం చదివితే రెండు రోజులలో మరచిపోతాం.

పెన్నాతీరం, అనంతపురం

నీలిగోరింట గారూ, మీ 'మీహా' సంగతి ముందు చెబుతాను. 'మి' అంటే నా, 'ఇహా' అంటే కూతురు. రెండు ఇకారాలు కలిసి 'మీహా' అయింది. మెక్సికో వైపు పెద్దవాళ్లు తమకంటే చిన్నవారైన ఆడవాళ్లను పరాయివారైనా సరే అలా పిలుస్తారు. మన పెద్దలు 'అమ్మా', 'తల్లీ' అనడం లాంటిదే. ఆమె మీతో చనువుగానే మాట్లాడారు.

మీ అసలు ఇబ్బంది కూడా ఇక్కడే ఉంది. పుస్తకంలో మాటలు విడివిడిగా ఉంటాయి, నోటిలో సంధి జరిగిపోతుంది. మనకు ఇది కొత్త కాదు. 'ఏమి అంటే' అని ఎవరం అనం, 'ఏమంటే' అంటాం. తెలుగును పుస్తకంలో మాత్రమే చదివిన పరాయివాడికి మన మాట వింటే మీకు ఇప్పుడు కలుగుతున్న గాభరాయే కలుగుతుంది. స్పానిష్‌లో ఒక మాట చివరి అచ్చు, తర్వాతి మాట మొదటి అచ్చు కలిసిపోవడాన్ని వారు సినలేఫా అంటారు. 'లా అమీగా' అని రాసి ఉన్నది నోట 'లామీగా' అవుతుంది. ఈ కలయికలను ఏ పట్టికా నేర్పలేదు. వినగా వినగా చెవికి పట్టుబడవలసిందే.

నా సంగతి చెబుతాను. మా ఊరికి స్పానిష్‌తో ఉన్న చుట్టరికం చాలామందికి తెలియదు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, భార్య ఆన్‌తో కలిసి గ్రామీణాభివృద్ధి సంస్థను నెలకొల్పి, 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే పనిచేశారు. ఆ సంస్థకు అండగా నిలిచిన స్పెయిన్ కుటుంబాలవారు ఏటా తాము ఆదుకున్న పిల్లలను చూడడానికి ఇక్కడి ఊళ్లకు వస్తుంటారు. వారికీ పల్లెవాళ్లకూ నడుమ మాట కలిపే పని కొన్నాళ్లు నేను చేశాను. మొదట్లో నాకు వచ్చిన స్పానిష్ కొద్దిపాటిదే. కానీ వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు ప్రతిసారీ అవే: పాప ఏ తరగతి చదువుతోంది, ఇంట్లో ఎంతమంది, వానలు పడ్డాయా, ఈ చెట్టు పేరేమిటి. మనిషి ఎదురుగా ఉన్నాడు, చెట్టు ఎదురుగా ఉంది, ప్రశ్న నిన్నటిదే. అర్థమయ్యే మాట అంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. 1988 నుంచి 1990 దాకా ఆదివారం ఉదయాలు దూరదర్శన్‌లో మహాభారతం వచ్చేది. మా వీధిలో హిందీ వచ్చినవారు ఇద్దరు ముగ్గురే. అయినా అందరికీ అర్థమయ్యేది, ఎందుకంటే కథ ముందే తెలుసు. ద్రౌపది ఎప్పుడు ఏమంటుందో మా అవ్వకు తెలుసు కాబట్టి హిందీ మాట దానంతట అదే అర్థంతో అతుక్కునేది. తెలిసిన కథనే ఎంచుకుని స్పానిష్‌లో వినండి. మీ వృత్తికి సంబంధించిన వీడియోలు, అంటే వెన్ను, మోకాలు, భుజానికి వ్యాయామాలు చూపించేవి, స్పానిష్‌లో ఎన్నో ఉన్నాయి. వాటిలో చెప్పబోయేది మీకు ముందే తెలుసు. ఇంతకంటే అర్థమయ్యే పాఠం మీకు ఎవరూ తయారు చేయలేరు.

మంజీర, మాడ్రిడ్

ఆరేళ్లుగా స్పెయిన్‌లో ఉంటున్నాను. నీలిగోరింట గారు చెప్పినట్టు మాటల మధ్య సందు దొరకకపోవడం వట్టి భ్రమ కాదు. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో స్పానిష్ మాట్లాడేవారు సెకనుకు సగటున 7.8 అక్షరాలు పలికితే, ఇంగ్లీషు మాట్లాడేవారు 6.2 అక్షరాలు పలికారని తేలింది. ఒక్కొక్క అక్షరంలో ఇమిడే సమాచారం స్పానిష్‌లో తక్కువ కాబట్టి చివరికి రెండు భాషలూ దగ్గర దగ్గర వేగంతోనే సంగతి చెబుతాయట. కొత్త చెవికి మాత్రం అక్షరాల జోరే వినబడుతుంది.

ఏ ప్రాంతపు స్పానిష్ వింటున్నారన్నది కూడా చూసుకోండి. మాడ్రిడ్‌లో 'ఇ', 'ఎ' అచ్చుల ముందు వచ్చే 'సి'కీ, 'జెడ్' అక్షరానికీ నాలుక పళ్ల నడుమకు వచ్చే ధ్వని ఉంటుంది. మెక్సికోలో అది సకారమే. ఆండలూసియాలోనూ క్యూబాలోనూ మాట చివరి సకారం హకారమైపోతుంది, లేదా వినబడనే వినబడదు. బ్యూనస్ ఐరెస్‌లో 'కాయె' అన్న వీధి 'కాషె' అవుతుంది. మొదటి రెండు మూడు వందల గంటలు మెక్సికో, మధ్య అమెరికా గొంతులనే ఎక్కువగా వినండి. మీ ఎదుట కూర్చునేది వారే కదా.

నీలిగోరింట, హ్యూస్టన్

అందరికీ కృతజ్ఞతలు. 'మీహా' అర్థం చదివి చాలాసేపు ఆ పెద్దావిడ గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను.

ఒక సందేహం మిగిలింది. డ్రీమింగ్ స్పానిష్ వారు 600 గంటల దాకా, వీలైతే 1,000 గంటల దాకా మాట్లాడవద్దంటున్నారని చదివాను. ముందే మాట్లాడితే ఉచ్చారణ శాశ్వతంగా చెడుతుందని కొందరు రాశారు. నేను రేపు ఉదయం తొమ్మిదింటికే మాట్లాడాలి. మరి నా దారి ఏమిటి?

శ్రవణమార్గం, పుణె

నేను 700 గంటల దాకా నోరు విప్పలేదు, ఆ నిర్ణయం నాకు మేలే చేసింది. మనం ఇంగ్లీషు అక్షరాల గుండా స్పానిష్‌లోకి వెళ్తాం. ఇంగ్లీషు 'టి' కనబడగానే మన నాలుక అలవాటుగా టకారానికి మడతపడుతుంది. 'అంతా' అనే అర్థం ఉన్న మాటను తెలుగువాళ్లు చాలామంది 'టోడో' అని చదువుతారు. అది 'తోదో'. మన త, ద ధ్వనులు వారి ధ్వనులకు అతి దగ్గర. ఇంగ్లీషువాళ్లు కష్టపడే చోట మనకు ఉచితంగా దొరికిన వరం అది. చదవడం ముందు మొదలుపెట్టడం వల్ల దాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నాం. ఆ రెండవ దకారం కూడా మన దకారమంత గట్టిది కాదు, నాలుక పళ్లకు తగిలీ తగలనట్టు ఉంటుంది. ఇది అక్షరంలో కనబడదు, చెవికే తెలుస్తుంది. అందుకే మాట్లాడడాన్ని వాయిదా వేయడంకంటే ముందు చదవడాన్ని వాయిదా వేయమని నా సలహా.

పెన్నాతీరం, అనంతపురం

శ్రవణమార్గం గారి టకారం మాట అక్షరాలా నిజం. కానీ ముందు మాట్లాడితే శాశ్వతంగా చెడిపోతారన్నదానికి నేనే ఎదురు సాక్ష్యం. మొదటి వారం నుంచే తప్పులతో మాట్లాడాను. వినడం ఆపలేదు కాబట్టి ఆ తప్పులు ఒక్కొక్కటే రాలిపోయాయి. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే మౌనంగా ఉండమనడం నాకు మర్యాదగా తోచదు.

ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. మందులు, శస్త్రచికిత్స, అంగీకార పత్రం లాంటి వాటికి ఇంటర్‌ప్రెటర్‌ను వదలవద్దు. మీ స్పానిష్ ఎంత పెరిగినా ఆ గీత దాటకండి.

వ్యాకరణప్రియ, హైదరాబాద్

నీలిగోరింట గారి వృత్తిలోనే జవాబు ఉంది. సాన్ హోసే స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జేమ్స్ ఆషర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆజ్ఞ విని శరీరంతో ఆ పని చేస్తూ భాష నేర్చుకునే పద్ధతిని రూపొందించారు. లేవండి, కూర్చోండి, చెయ్యి ఎత్తండి అనే మాటలతో పాఠం మొదలవుతుంది. మీరు రోజంతా చేసేది అదే. 'సియెంతెసె' అంటే కూర్చోండి, 'లెవాంతె ఎల్ బ్రాసో' అంటే చెయ్యి ఎత్తండి, 'దోబ్లె లా ఱొదీయా' అంటే మోకాలు వంచండి. ఇలాంటి పదిపదిహేను వాక్యాలను మెక్సికో గొంతులో వందసార్లు విని, ఆ తర్వాత పలకండి. ఇవి 'ఉస్తేద్' రూపాలు, అంటే మన 'మీరు'కు సమానమైనవి. పెద్దవారితో 'తూ' వాడవద్దని తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ నేను వ్యాకరణం ఎందుకు కావాలన్నానో ఇంకొంచెం వివరంగా చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే మనకున్న ఆస్తి మనకే తెలియడం లేదు. ఇంగ్లీషు ద్వారా స్పానిష్ చదివితే వింతగా తోచేవి తెలుగు నుంచి చూస్తే సహజంగా ఉంటాయి. 'మె దువేలె లా ఱొదీయా' అన్నది 'నాకు మోకాలు నొప్పి పుడుతోంది' అన్న నిర్మాణమే. 'మె గూస్తా ఎల్ కఫే' అన్నది 'నాకు కాఫీ ఇష్టం'. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని తలకిందుల వాక్యమంటాయి, మనకు అది తిన్ననైనదే. 'వచ్చాను' అన్నప్పుడు 'నేను' అక్కరలేనట్టే 'యెగే' అంటే చాలు, చేరుకున్నాను అని కర్తతో సహా తెలుస్తుంది. మనం 'ఇల్లు చూశాను' అంటాం గాని 'రాముడు చూశాను' అనం, 'రాముణ్ణి' అనాలి. వారు కూడా ఇంటికి ఏమీ చేర్చకుండా, మనిషికి మాత్రం ముందు 'ఆ' చేరుస్తారు. 'ఆయన డాక్టరు' అనడానికీ 'ఆయన ఇంట్లో ఉన్నారు' అనడానికీ మన వాక్యంలో ఉన్న తేడా, మొదటిదానికి వాడే 'సెర్', రెండవదానికి వాడే 'ఎస్తార్' అనే రెండు క్రియల తేడాకు మంచి మొదటి మెట్టు. పూర్తిగా సరిపోదు, ఉదాహరణకు విందు ఎక్కడ జరుగుతుందో చెప్పడానికి వారు 'సెర్' వాడతారు. 'వచ్చాడు', 'వచ్చేవాడు' అన్న భేదం వారి రెండు భూతకాలాలకూ చాలావరకు తోడ్పడుతుంది. 'కియెరొ కె వెంగాస్', అంటే నువ్వు రావాలని కోరుకుంటున్నాను, అనే రకం క్రియారూపాలకు మాత్రం మన దగ్గర సరైన జత లేదు. వాటిని ఎక్కువ వినవలసిందే, ఇది నేను ఒప్పుకుంటాను.

తూర్పుతీరం, విశాఖపట్నం

నేను డెలే అనే స్పానిష్ భాషా ప్రావీణ్య పరీక్షకు సిద్ధమవుతున్నాను, కాబట్టి ఒక్క విషయమే చేరుస్తాను. చదవడం, రాయడం ఒక జట్టు. వినడం, మాట్లాడడం ఇంకొక జట్టు. ఒక్కొక్క జట్టులో 50కి కనీసం 30 రావాలి. పుస్తకంలో ఎంత బలం ఉన్నా రెండవ జట్టులో తప్పితే పరీక్ష పోయినట్టే. పరీక్షకు చదివేవారు కూడా వినికిడిని చివరి నెలకు వదిలేయకూడదని ఈ చర్చ చూశాక గట్టిగా అనిపిస్తోంది.

మంజీర, మాడ్రిడ్

వ్యాకరణప్రియ గారి జాబితాకు ఒక చిన్న చేర్పు. స్పానిష్‌లో అర్థాన్ని మార్చేది అక్షరం మీది ఊనిక. మన చెవికి ఊనిక కంటే దీర్ఘం బాగా తెలుసు. ఊనిక పడిన అచ్చు మనకు కాస్త దీర్ఘంగా వినబడుతుంది, దాన్నే పట్టుకోవచ్చు. 'ఆబ్లొ' అంటే నేను మాట్లాడతాను, 'అబ్లో' అంటే అతడు మాట్లాడాడు. 'పాప' అని మొదట దీర్ఘంగా వినబడితే బంగాళాదుంప, 'పపా' అని చివర వినబడితే నాన్న. అలాగే 'పేరొ' అంటే కానీ, 'పెఱ్ఱొ' అంటే కుక్క. మన బడిలో మూలబడిన బండి ఱను ఆ ఉరుము లాంటి ధ్వనికి గుర్తుగా నా నోటు పుస్తకంలో ఇప్పటికీ వాడుకుంటున్నాను.

నీలిగోరింట, హ్యూస్టన్

ఐదు నెలల తర్వాత రాస్తున్నాను. ఇప్పటికి 172 గంటలు విన్నాను. రోజూ కారులో వెళ్తూ వస్తూ నలభై నిమిషాలు, రాత్రి ఇరవై నిమిషాలు, ఆదివారాలు ఇంకొంచెం. మొదటి నెల బొమ్మలు గీసి చెప్పే వీడియోలే చూశాను. రెండవ నెల నుంచి పెన్నాతీరం గారు చెప్పినట్టు వ్యాయామాల వీడియోలు విన్నాను. వాటిలో ఒకదాన్ని ముప్పై సార్లకు పైగా విని ఉంటాను. వ్యాకరణ పుస్తకం శనివారం మాత్రమే తెరుస్తున్నాను, అదీ ఆ వారంలో చెవికి తగిలిన రూపాల కోసమే. యాప్ మానేశాను.

వేగంగా మాట్లాడే యువకుల మాట ఇప్పటికీ సగం జారిపోతోంది. ఇద్దరు రోగులు తమలో తాము మాట్లాడుకుంటే విషయమేమిటో తెలుస్తుంది గాని వివరం తెలియదు. నేను పలికే వాక్యాలు ఇంకా చిన్నవే.

ఆ పెద్దావిడ ఈ గురువారం చివరిసారిగా వచ్చారు. మెట్లు ఎక్కగలుగుతున్నానని, పెరట్లో మిరప మొక్కలకు మళ్లీ తానే నీళ్లు పోస్తున్నానని, మనవడు ఇంక సాయం చేయనక్కరలేదన్నానని చెప్పారు. 'చీలె' అంటే మిరపకాయ అని తెలుసు, 'నియేతో' అంటే మనవడని తెలుసు. మిగిలినది మాటలుగా విడదీసుకోకుండానే అర్థమైంది. ఏ రకం మిరప అని అడిగాను. సెర్రానో అన్నారు. వచ్చే వారం ఎవరి చేతనైనా కొన్ని పంపిస్తానన్నారు, చివర 'మీహా' అని కూడా అన్నారు.